సంక్రాంతి జ్వరం

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఏటా జనవరి మూడో వారంలో పిల్లలకు ఒక జ్వరం వస్తుంది. ఎక్కువగా తెలుగువాళ్ల ఇళ్లలోనే. ఈ సంగతి వైద్యులకన్నా నాకే బాగా తెలుసు, ఎందుకంటే నాది జెరాక్స్ దుకాణం.

‘వైరల్ జ్వరం, మూడు రోజులు విశ్రాంతి అవసరం.’ అదే చేతిరాత, అదే సంతకం. పిల్లల పేరు ఒక్కటే మారుతుంది. కాగితం తెచ్చిన తండ్రి నా ముఖం చూడడు, నేనూ ఆయన ముఖం చూడను. నకలు ఒకటి బడికి, ఒకటి ఇంట్లో దాచుకోవడానికి. ఒక ఏడాది ఒకే ఇంట్లోని అన్నాచెల్లెళ్లకు ఒకే కాగితం మీద జ్వరం వచ్చింది. పేరు దగ్గర కొట్టివేత కనిపించకుండా నకలు కాస్త లేతగా తీయమన్నారు. తీశాను, నా వ్యాపారం అది.

అసలు రోగం భోగి, సంక్రాంతి, కనుమ. ఊరు దాటి పాతపట్నం వెళితే ఆంధ్ర. అక్కడి బడులకు వారానికి తక్కువ కాకుండా సెలవులు. మా అమ్మాయి చదివే బడికి మాత్రం మకర సంక్రాంతి ఒక్కరోజే. ఒడియావాళ్ల రజ పండగకు, రథయాత్రకు ఇచ్చే సెలవుల మీద నాకేమీ ఫిర్యాదు లేదు, రజకు మా చిన్నీ ఉయ్యాల ఊగుతుంది, పక్కింటివాళ్లు పంపే పొడపిఠా అనే పిండివంట మేమందరం తింటాం. కానీ దాని అమ్మమ్మగారి ఊరు టెక్కలి దగ్గర. మనవరాలు రాకుండా ఆవిడ భోగిమంట వెలిగించదు.

మొన్న జనవరిలో, చిన్నీ నాలుగో తరగతిలో ఉండగా, నాకెందుకో ఆ జ్వరం కాగితం తీసుకోబుద్ధి కాలేదు. సెలవు చీటీలో ఉన్నదున్నట్టు రాశాను: ‘పండగకు అమ్మమ్మ ఊరు వెళ్లినందున మూడు రోజులు రాలేకపోయింది.’ చీటీ సాయంత్రానికి తిరిగి వచ్చింది. సెలవుకు ముందురోజు గానీ తర్వాతిరోజు గానీ మానితే మెడికల్ సర్టిఫికెట్ ఉండాలట, లేకపోతే రోజుకు యాభై రూపాయలట. టీచరమ్మ మంచిది, ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పింది: “జ్వరమని రాసెయ్యండి సార్, మీకూ నాకూ గొడవ ఉండదు.” పక్కనే ఉన్న చిన్నీ విన్నది. “నాకు జ్వరం ఎప్పుడొచ్చింది నాన్నా?” అని అడిగింది.

నూటయాభై కట్టాను. రసీదులో ఎందుకు కట్టానో రాసేచోట ‘ఇతరములు’ అని ఉంది.

లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అందులో ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలన్నారు. మా బడి డైరీలో అడిగేది 75 శాతం హాజరు, అంటే 150 రోజులు. చిన్నీ ఏడాది మొత్తం మీద మానింది పదకొండు. నేను హాజరు నియమానికి వ్యతిరేకిని కాను. కూలిపనికో వలసకో పోయే ఇళ్లలో పిల్లల పేరు హాజరుపట్టీలో ఉండడం, ఆ పేరు రోజూ ఎవరో పిలవడం ఎంత అవసరమో నాకు తెలుసు. నాకు కోపం నియమం మీద కాదు, అబద్ధమైతే సరేనని, నిజమైతే జరిమానా అన్నందుకు.

ఇదంతా జరుగుతుండగా బెంగళూరు నుంచి మా వదిన వచ్చింది, మా ఆవిడ పెదనాన్నగారి కూతురు. ఆవిడ ఇద్దరు పిల్లలనూ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తోంది. పద్నాలుగేళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయిస్తుందట, ఐదేళ్లలో తొమ్మిదిసార్లు రాసుకునే వీలుందట, తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చట. మా ఆవిడ రెండు వారాలు అదే ధ్యాసలో ఉంది. చట్టంలో పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉంది గానీ, చేర్చకపోతే ఇదీ శిక్ష అని లేదు. ఆ సందులోనే వదినలాంటివాళ్లు నడుస్తున్నారు.

నేను ఒప్పుకోలేదు. కారణం ఒక్కటే, ఒడియా. చిన్నీ ఒడియా పుస్తకంలో నేర్చుకోలేదు, బడి కుళాయి దగ్గర వరుసలో నిలబడి పోట్లాడుతూ నేర్చుకుంది. ఇంట్లో కూర్చోబెడితే ఆ పోట్లాట ఎవరు పెట్టుకుంటారు? రేపు ఈ ఊళ్లో బతకాలన్నా, నా దుకాణంలో కూర్చోవాలన్నా ఆ భాష కావాలి.

తెలుగు మాత్రం ఇంటిబడే. వాళ్ల బడిలో తెలుగు లేదు. రాత్రి దుకాణం మూశాక అరగంట పలక పడతాం. మొదటి వారం ‘కంచం’ అని రాసి చదవమన్నాను. చాలాసేపు చూసి ‘కఠచఠ’ అంది. నవ్వు ఆపుకోలేకపోయాను, తర్వాత పాపమనిపించింది. ఒడియాలో ‘ఠ’ అక్షరం అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. దాని తప్పేమీ లేదు, తనకు తెలిసింది తను చదివింది. ఇప్పటికీ తలకట్టు పెట్టాల్సినచోట ఒడియా అక్షరాల గొడుగు పెడుతుంది. ఆ గొడుగు కింద ‘మ’ చూడముచ్చటగానే ఉంటుంది. ఇదే ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు ఉండిపోయారు.

పరీక్షల దగ్గర మాత్రం మా ఇంట్లో రెండు పార్టీలు. విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పితే ప్రత్యేకంగా చదువు చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లో మళ్లీ పెట్టాలి. అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచే వెసులుబాటు ప్రభుత్వాలకు ఇచ్చారు. నేను పరీక్ష పార్టీ. మా అన్నయ్య కొడుకు ఎనిమిదికి వచ్చేదాకా దుకాణం బోర్డు చదవలేడని ఎవరూ కనిపెట్టలేదు, మేము కూడా. మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది: “ఆ రెండు నెలలు ఎండాకాలం సెలవులు కదండీ, చదువు ఎవరు చెబుతారు?” ఇంకా జవాబు వెతుకుతున్నాను.

చిన్నీ ఇప్పుడు ఐదో తరగతి. కొత్త డైరీ వచ్చింది. యూనిట్ పరీక్ష సరిగ్గా కనుమనాడు వేశారు. ఫోనులో చెబితే మా అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే బయలుదేరి వస్తానంది, అరిసెలతో, చిన్నీ కోసం కట్టిన భోగి పిడకల దండతో. ఆవిడ బెంగల్లా ఒక్కటే, బస్సులో పిడకలు ఎక్కనిస్తారా అని.