బేస్తారం, ఐతారం: ఛాయ గోలీతో నా ఆర్నెల్లు

గర్భం రాకుండా వేసుకునే ఛాయ గోలీ మొదలుపెట్టాలంటే ముట్టు రావాలి. నాకు అదే రాలేదు.

అంతకుముందు కండోమ్ చిరిగితే మర్నాడు పొద్దున్నే ఎమర్జెన్సీ గోలీ వేసుకున్నాను. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒక్కటే గోలీ. గడువు 72 గంటలే కానీ ఎన్ని గంటలు ఆలస్యమైతే అంత పని తగ్గుతుంది. వేసుకున్న 2 గంటల్లోపు వాంతి అయితే మళ్లీ ఒకటి వేసుకోవాలి. అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఆ గోలీ దాన్ని తీసేయదు. తర్వాత కలిసినప్పుడు కాపాడదు కూడా. ఇవన్నీ తెలిసే వేసుకున్నాను. తెలియనిదల్లా అది నెల లెక్కను అటూ ఇటూ చేస్తుందని. తేదీ దాటి వారమైంది. గర్భ పరీక్ష కిట్టు కొని పొద్దుటి మొదటి మూత్రంతో చూస్తే ఒకటే గీత, అంటే గర్భం లేదు. ఇంకో రెండు రోజులకు, గురువారం పొద్దున, ముట్టు వచ్చింది.

గోలీల షీటు అప్పటికే నా దగ్గరుంది. కాజీపేటలో మా వాడకు వచ్చే ఆశ అక్కను అడిగితే పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. అక్కడ ఉచితం. భర్త సంతకం అడగలేదు. అడిగినవి వేరే: ఈ మధ్య కామెర్లు అయ్యాయా, లివర్ జబ్బేమైనా ఉందా, అండాశయంలో నీటిబుడగలు, అంటే పీసీఓడీ ఉందా, టీబీ, కిడ్నీ జబ్బు ఉన్నాయా. వీటిలో ఏదున్నా ఛాయ ఇవ్వరు. కౌంటర్ దగ్గర పది మంది ముందు జవాబు చెప్పలేక చాలామంది అన్నింటికీ ‘లేదు’ అనేస్తారు. పక్కకు పిలవమని అడిగితే పిలుస్తారు. నేను అడిగాను, పిలిచారు.

ఇక వేసుకునే పద్ధతి. ఆశ అక్క చెప్పినంత సాఫుగా నాకెవరూ చెప్పలేదు.

“ముట్టు ఏ దినం మొదలైతే గా దినమే మొదటి గోలీ. నీకు బేస్తారం వచ్చింది గదా, ఇగ బేస్తారం, ఐతారం. మూడు నెల్లు గట్లనే. నాలుగో నెల సంది ఒక్క బేస్తారమే. మధ్యల ముట్టు ముందొచ్చినా ఎనకొచ్చినా దినం మార్చకు బిడ్డా.”

బేస్తారం అంటే గురువారం, ఐతారం అంటే ఆదివారం. సోమవారం మొదలైతే సోమ, గురు. మంగళవారం అయితే మంగళ, శుక్ర. బుధవారానికి జోడీ శనివారం, శుక్రవారానికి సోమవారం, శనివారానికి మంగళవారం, ఆదివారానికి బుధవారం. షీటులో 8 గోలీలు ఉంటాయి కాబట్టి మొదట్లో అది 4 వారాలకే అయిపోతుంది. వారానికి ఒకటికి దిగాక అదే షీటు 8 వారాలు వస్తుంది. చివరి గోలీ వరకు ఆగి వెళ్తే ఆ రోజు దవాఖానకు సెలవో, సరుకు రాలేదనో తిరిగి రావాల్సి వస్తుంది. రెండు గోలీలు మిగిలి ఉండగానే వెళ్లడం మేలు.

వారానికి ఒకటి ఎట్లా సరిపోతుందని నాకూ అనుమానమే. ఇందులో మందు పేరు సెంట్‌క్రోమన్, 30 మిల్లీగ్రాములు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ)లో తయారుచేసిన మందు. ఇదే చాలా ఏళ్లుగా సహేలీ పేరుతో దుకాణాల్లో దొరుకుతోంది. ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. వారం గడిచినా సగం దాకా ఉంటుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు వేసుకునేది ఆ నిల్వ కూడడానికే. ఇది అండం విడుదలను ఆపదు, గర్భసంచి లోపలి పొరలో గర్భం నిలవకుండా చేస్తుంది. మాలా-ఎన్ లాగా హార్మోన్ గోలీ కాదు. పిల్లలు కావాలనుకుంటే ఆపేయడమే. ‘ఇప్పుడు గోలీలు మింగితే రేపు కడుపు పండదు’ అని మా వైపు గట్టిగా నమ్ముతారు. ఆ మాటలో నిజం లేదు.

ఎక్కువమంది తప్పు చేసేది మాలా-ఎన్ అలవాటుతోనే. అందులో 28 గోలీలు, రోజుకొకటి. హన్మకొండలో ఒక మెడికల్ షాపతను ఛాయ కూడా రోజూ వేసుకోవాలన్నాడు. ఇంకొందరు ముట్టు రాగానే ఆపేసి, ఆగాక మళ్లీ మొదలుపెడతారు. మరికొందరు ప్రతి నెలా ముట్టు వచ్చిన వారానికి గోలీని జరుపుతారు. మూడూ తప్పే. క్యాలెండర్లో గురువారం గళ్లకు పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకున్నాను. అత్తమ్మ అది పాల లెక్క అనుకుంది, నేనూ కాదనలేదు.

రెండో నెల చివర్లో మేడారం జాతర పడింది. బుధవారం సారలమ్మ వస్తుందని పొద్దున్నే బస్సెక్కాం. షీటు ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. గురువారం రాత్రి సమ్మక్క గద్దె మీదికి వచ్చేటప్పుడు ఆ జనంలో నాకు గోలీ ఏం గుర్తుంటుంది? శుక్రవారం జంపన్న వాగులో దిగినప్పుడు తట్టింది. ఇంటికి చేరేసరికి శనివారం.

నియమం ఇది. మరిచిన గోలీ గుర్తు రాగానే, దొరకగానే వేసుకోవాలి. ఆలస్యం 7 రోజుల లోపైతే పాత వారాలే కొనసాగుతాయి, కానీ తర్వాతి ముట్టు వచ్చేదాకా కలిసిన ప్రతిసారీ కండోమ్ వాడాలి. 7 రోజులు దాటితే కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల లెక్కే: మళ్లీ మూడు నెలలు వారానికి రెండు. నేను శనివారం ఒకటి, ఆదివారం ఎప్పటిదొకటి వేసుకున్నాను. గోలీ ఉంది కదా ఇంకా కండోమ్ ఎందుకని మా ఆయన సణిగాడు. సుఖరోగాల నుంచి, హెచ్ఐవీ నుంచి ఛాయ ఎట్లాగూ కాపాడదు. మా సంగతిలో కావాల్సింది మాత్రం ఆ నెల గడవడమే.

ఆ నెలే ముట్టు 11 రోజులు ఆలస్యమైంది. ఛాయతో నెల వెనక్కి జరగడం, తక్కువ పోవడం మామూలే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో. 15 రోజులు దాటితే తప్పక పరీక్ష చేయించుకోవాలని చెప్తారు. నాకు మధ్యలో గోలీ తప్పింది కాబట్టి ఆరోగ్య కేంద్రంలోని నర్సు (ఏఎన్ఎం) అంతదాకా ఆగొద్దంది, అక్కడే కిట్టు ఇచ్చింది. చుక్కలు వేశాక దాని మీద రాసినన్ని నిమిషాల్లోనే చూడాలి. గంట తర్వాత తీసి చూస్తే కనిపించే మసక గీతను పట్టించుకోవద్దు. నాకు గీత ఒకటే. మూడు రోజులకు ముట్టు వచ్చింది, కండోమ్ పని అయిపోయింది.

ఇప్పుడు ఒక్క బేస్తారమే. సరిగ్గా వేసుకుంటే ఏడాదిలో 100 మందిలో ఒకరిద్దరికే గర్భం వస్తుందని చెప్తారు. అది చాలనుకోని వాళ్లకు కాపర్-టీ ఉంది.

మా ఆడబిడ్డ పోయిన వారం నా షీటు చూసి తనకూ రెండు గోలీలు ఇయ్యమంది. ఆమెకు రెండు నెలలకోసారి కూడా ముట్టు సరిగ్గా రాదు, స్కానింగ్‌లో బుడగలున్నాయన్నారు. ఇవ్వలేదు. సోమవారం ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాం.