తూర్పు వీధి

"మనం ఆ ఊళ్ళో పుట్టి ఉంటే మనల్ని తూర్పు వీధికి పంపించేసేవాళ్ళు కదమ్మా?"

ఏడో తరగతి చదివే మా అమ్మాయి అడిగిన ఈ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఇండోనేషియాలోని ఏదైనా ఒక పల్లె గురించి రాసుకురమ్మని స్కూల్లో చెప్పారు. జకార్తాలో పెరిగిన పిల్లకి పల్లె అంటే సెలవుల్లో చూసిందే. బాలి తూర్పు భాగంలో, కరంగాసెం జిల్లాలో ఉన్న తెంగానన్ పెగ్రింగ్‌సింగన్‌ని ఎంచుకుంది. ఆ ఊరు చూడాలని పట్టుబట్టి మా వాళ్ళందరినీ తీసుకెళ్ళింది నేనే.

నేను పుట్టపాక దగ్గర చేనేత ఇంట్లో పుట్టాను. పడుగుకీ (నిలువు దారాలు) పేకకీ (అడ్డ దారాలు) రెండింటికీ ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారంతో బిగించి, రంగులు వేసి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తే తేలియా రుమాలు అనే బట్ట తయారవుతుంది. ఇలా పడుగునీ పేకనీ రెండింటినీ కట్టి నేసే విద్య ఇండోనేషియా అంతటిలోనూ తెంగానన్‌లో మాత్రమే ఉంది. వాళ్ళు నేసే బట్టని గెరింగ్‌సింగ్ అంటారు. మనవాళ్ళు ఆముదపు కాయల్ని కాల్చిన బూడిదా నూనే కలిపి నూలు నానబెడతారు. వీళ్ళు కూడా నూనె, బూడిద నీళ్ళలోనే వారాల తరబడి నానబెడతారు. నూనె మాత్రం మేమిక్కడ కూరల్లో నూరి వేసుకునే కెమిరి గింజలది. ఎరుపు నోని చెట్టు వేళ్ళ నుంచి వస్తుంది. ఒక్క బట్ట పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడూ, పళ్ళు అరగదీసే వేడుకలోనూ, పెళ్ళిలోనూ ఆ బట్ట ఉండాల్సిందే. సముద్రానికి ఇవతల మా ఇంటి పని కనిపించేసరికి, ఒకామె మగ్గం ముందు కూర్చుండిపోయాను. మా అమ్మాయి మాత్రం ఊరంతా తిరిగి వచ్చింది.

తను తెచ్చుకున్న కథ గుర్రానిది. బాలిని పూర్వం ఏలిన బెదహులు రాజు అశ్వమేధం చేయబోతే గుర్రం తప్పిపోయింది. దాని పేరు ఒంచెస్రవ. క్షీరసాగరంలో పుట్టిన మన ఉచ్చైశ్రవమే అది. వెతకబోయిన మనుషులకి చచ్చిపడిన గుర్రం కనిపించింది. ఆ వాసన ఎంత దూరం వస్తే అంత భూమి మీదేనన్నాడు రాజు. వాళ్ళ నాయకుడు కుళ్ళిన మాంసం ముక్కని బట్టల్లో దాచుకుని రాజుగారి మనిషి పక్కనే నడిచాడట. ఎంత నడిచినా వాసన పోలేదు! తెంగానన్ భూమి అలా వచ్చిందని చెబుతారు. పిల్ల ఈ కథని మా ఆయనకి మూడు భాషలు కలిపి చెప్పింది.

రాయడం మొదలుపెట్టాక ఊరి కట్టుబాట్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఊరి అడవిలో దురియాన్ పండుని చెట్టు నుంచి కోయకూడదు, రాలితేనే ఏరుకోవాలి. ఆస్తిలో కొడుకుకీ కూతురికీ సమాన భాగం. ఇది మా ఇద్దరికీ బాగా నచ్చింది. ఈడొచ్చిన మగపిల్లలు ఏడాది పాటు కలిసి దీక్షలాంటిది చేసి ఊరి పద్ధతులు నేర్చుకుంటారు. ఆడపిల్లలకి వేరే సంఘాలు ఉన్నాయి. ఇంద్రుడి పేరున జరిగే పండుగలో కుర్రాళ్ళు ముళ్ళున్న మొగలిజాతి ఆకులతో ఒకరినొకరు గీరుకుంటూ పోరాడతారు, తర్వాత ఆ గాయాలకి ఒకరికొకరు పసుపు కలిపిన మందు రాసుకుంటారు. చెక్కతో చేసిన పెద్ద ఊయల జెయింట్ వీల్‌లా తిరుగుతుంటే, ఆడపిల్లలు గెరింగ్‌సింగ్ కట్టుకుని అందులో కూర్చుంటారు.

ఇదంతా చదువుతుంటే నాకు అసూయ కలిగింది. నేను ఒక్కదాన్నే అపార్ట్‌మెంట్ పదిహేడో అంతస్తులో కూర్చుని తెలుగు, పండుగలు, వరసలు, వంటలు అన్నీ నేర్పాలనుకుంటాను. వాళ్ళకి ఆ పని ఊరు చేస్తుంది. పక్కింటి పిల్ల చేస్తోంది కాబట్టి ఈ పిల్లా చేస్తుంది. ఇంట్లో తెలుగులోనే మాట్లాడాలని నేను రూల్ పెడతాను. పరీక్షల టెన్షన్ వచ్చిందంటే నేనే ఇంగ్లీషులో అరుస్తాను. ఊరికి ఇలాంటి ఇబ్బంది లేదు, అది అలిసిపోదు.

అప్పుడు అడిగింది తూర్పు వీధి సంగతి. తెంగానన్‌లో బయటివాళ్ళని పెళ్ళి చేసుకున్నవాళ్ళకి ఊరి సభలో పూర్తి స్థానం పోతుంది. తూర్పున బంజార్ పాండే అనే వీధి ఉంది, కట్టుబాటు దాటి వెలి అయినవాళ్ళ చోటు అది. మాది కులాంతర వివాహం. ఇంట్లో ఎవరూ మగ్గం ఎక్కరు. పిల్ల లెక్క ప్రకారం మా ముగ్గురి చోటూ ఆ వీధిలోనే. "అక్కడా బాగానే ఉంటారులే" అన్నాను. "ఉంటారు, కానీ ఊయల ఎక్కనిస్తారా?" అంది.

ఆ ఊరు కూడా పూర్తిగా తన మీద తనే ఆధారపడి లేదని చెప్పి చూశాను. గెరింగ్‌సింగ్‌కి నీలిమందు రంగు ఊళ్ళో వేయరు, పొరుగున ఉన్న బుగ్‌బుగ్ గ్రామంలో వేయిస్తారు. చేత్తో వడికిన నూలు నుసా పెనిదా దీవి నుంచి వచ్చేది. ఆ ఎరుపు చిక్కబడి నలుపు తిరగాలంటే కింద పొరుగూరి నీలం ఉండాలి. చెబుతుంటే నాకే బాగుందనిపించింది. కానీ రంగు రానిచ్చినట్టు మనుషుల్ని రానివ్వరు కదా. వాళ్ళు అంత గట్టిగా గేటు వేసుకోకపోతే ఈ బట్ట ఈరోజు దాకా మిగిలేదా? దీనికి సమాధానం నాకు తెలియదు. గేటు లేని తెంగానన్ కావాలని నేను కోరుకుంటున్నాను. అలాంటిది ఎక్కడైనా ఉందేమో కూడా తెలియదు.

ఈసారి సెలవుల్లో అమ్మమ్మ దగ్గర చిటికి కట్టడం నేర్చుకో అన్నాను. ససేమిరా అంది. "ఆ పని చేయకూడదనే కదా తాతయ్య నిన్ను చదివించాడు?"

అది నిజం. మా అమ్మ ఆసు పోసి పోసి, అంటే నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ చేత్తో చుట్టి చుట్టి, కుడి భుజం పైకెత్తలేని స్థితికి వచ్చింది. ఒక్క చీరకి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరుకి చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, ఆమె పేరే దానికి పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. యంత్రం మా ఇంటికి చేరేసరికి మా అమ్మ భుజం పోయింది, నేను హాస్టల్‌కి వెళ్ళిపోయాను. మా నాన్న నన్ను ఆసు ముందు నుంచి లేపి బస్సెక్కించాడు. ఆయన అంత కష్టపడి తీసిన తలుపుని నా కూతురి కోసం మళ్ళీ వెనక్కి తోస్తున్నానా? భుజం నొప్పి వద్దు, చేతిలో విద్య మాత్రం ఉండాలి అంటున్నాను. ఆ రెండింటినీ విడదీయడం మా అమ్మ తరానికి కుదరలేదు. నా కూతురికి కుదురుతుందని నేను ఏ ధైర్యంతో చెప్పను?

ఇన్నాళ్ళూ కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు అడిగితే, పిల్లల్ని ఏటా ఊరికి తీసుకెళ్ళండి అని చెప్పేదాన్ని. ఇప్పుడూ అదే చెబుతాను కానీ, ముందున్నంత గట్టిగా కాదు. ఊరు పిల్లని పట్టుకుంటుందో, ఊరికి తను ఎంత బయటి మనిషో చూపిస్తుందో ముందే తెలియదు.

ఆ ఊయల పండుగ మామూలుగా జూన్ ప్రాంతంలో వస్తుంది. మా హైదరాబాద్ ప్రయాణమూ అప్పుడే. ఈసారి మనం వెళ్ళొద్దు, అమ్మమ్మనే తెంగానన్‌కి పిలుద్దాం అంటోంది పిల్ల. మా అమ్మకి పాస్‌పోర్ట్ లేదు, తమ్ముడు అప్లై చేయిస్తానన్నాడు. ఫోన్‌లో ఊరి సంగతంతా మనవరాలే చెప్పింది, గుర్రం కథతో సహా. మా అమ్మ అంతా విని, గుర్రం గురించి గానీ, వెలివీధి గురించి గానీ ఏమీ అనలేదు. "ఆ ఊళ్ళో ఆసు ఎవరు పోస్తారు బిడ్డా? ఆడోళ్ళేనా?" అని అడిగింది. కనుక్కుని చెబుతానని మాటిచ్చింది పిల్ల.