లవంగం సీసాలో పళ్ళ డాక్టరు

పాలు మాడుతున్నాయని పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి తలుపు కొట్టేదాకా నాకు తెలియలేదు. స్టవ్‌కి నాలుగడుగుల దూరంలోనే లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. గిన్నె అడుగు బొగ్గయింది. ఆంటీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి గ్యాస్ కట్టేసి నా వంక ఒక చూపు చూశారు. ఫోన్లో మునిగిపోయి ఉంటానని ఆవిడ అనుకున్నారు. నేనూ కాదనలేదు. ముక్కు పనిచేయడం లేదంటే సాకు చెప్తున్నాననుకుంటారేమోనని భయం.

అప్పటికి జ్వరం తగ్గి పదిహేను రోజులు. ఆగస్టు వానల్లో బెంగళూరులో ఇంటికొకరికి వచ్చే జలుబూ జ్వరమే నాకూ వచ్చింది. మూడు రోజుల్లో పోయింది. ముక్కు దిబ్బడ కూడా పోయింది, గాలి శుభ్రంగా ఆడుతోంది. వాసన మాత్రం రాలేదు. మొదట సబ్బు దగ్గర అనుమానం వచ్చింది, సబ్బు పాతదేమో అనుకుని కొత్తది విప్పాను. అదీ అంతే.

నాకు 23 ఏళ్ళు. మారతహళ్లిలో ముగ్గురు అమ్మాయిలం కలిసి అద్దెకుంటాం, ముగ్గురమూ తెలుగువాళ్ళమే. నంద్యాలలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "జ్వరం పోయింది కదా పాపా, ముక్కుదేముంది, అదే వస్తాది లే" అంది. ఆఫీసు దగ్గరి క్లినిక్‌లో డాక్టరు కూడా ఇంచుమించు అదే మాట అని, దానికి 1,900 రూపాయల బిల్లు వేశాడు. యాంటీబయాటిక్, జింక్, రంగురంగుల విటమిన్లు. వైరస్ వచ్చి పోయాక యాంటీబయాటిక్ దేనికని అడగాలని ఇంటికొచ్చాక తోచింది.

వాసన పోతే రుచి కూడా పోతుందని అందరూ అంటారు కానీ, సరిగ్గా అలా ఉండదు. నాలుకకి తెలిసేవి తెలుస్తూనే ఉంటాయి: తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసంలోనో పుట్టగొడుగుల్లోనో ఉండే ఆ కమ్మదనం. మనం రుచి అనుకునే మిగతాదంతా నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి వెళ్ళే వాసనే. నాకు గోంగూర ఉత్త పులుపు. సాంబారు వేడి ఉప్పునీళ్ళు. కారం మాత్రం తెలిసేది, ఎందుకంటే అది రుచి కాదు, మంట. అందుకని అన్నింట్లో కారప్పొడి కుమ్మరించుకుని తిన్నాను. ఫలితం కడుపు చెప్పింది.

ఫోన్లో ఎవరో నారింజపండుని నిప్పుల మీద నల్లగా కాల్చి బెల్లంతో తింటే వాసన తిరిగొస్తుందని చూపించారు. స్టవ్ మీద కాల్చాను. ఇల్లంతా పొగ కమ్మిందని శ్రీకాకుళం రూమ్మేట్ అరిచింది. "ఒసే, నీకు తెలీకపోతే మాకూ తెలీదనుకున్నావా!" నాలుక కాలింది, అంతే.

తిండి ఒక ఎత్తు, ఒంటి వాసన భయం ఒక ఎత్తు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. నా దగ్గర చెమట కంపు వస్తోందా? ఉతికిన చున్నీయేనా ఇది? ఎలా తెలుస్తుంది? రోజుకి మూడుసార్లు స్నానం చేసి, పెర్ఫ్యూమ్ కొట్టుకుని ఆఫీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు పక్క సీటు అమ్మాయి మెల్లగా, "కొంచెం తగ్గించవా, తలనొప్పి వస్తోంది" అంది. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ సాయంత్రమే ఈఎన్‌టీ డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అప్పటికి నెలన్నర.

ఆ డాక్టరుగారు కన్నడావిడ. "వాసనె బరుత్తా?" అని అడిగితే అర్థం కావడానికి నాకు కన్నడం రానక్కర్లేదు. తలకి దెబ్బ తగిలిందా, పొగ తాగుతావా, ముందునుంచీ అలర్జీ ఉందా అని వరసగా అడిగారు. ముక్కులో మందు కొట్టి, మొద్దుబారాక సన్నటి గొట్టం కెమెరా పెట్టి చూశారు. నొప్పి లేదు, తుమ్ము మాత్రం వస్తున్నట్టే ఉండి రాదు. లోపల కండ పెరగలేదు, వాపు కొంచెమే ఉంది. నేను ఆశగా, "అమృతాంజనం రాసుకుంటే తెలుస్తోందండీ" అన్నాను. నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన ఆ పసుపు సీసా మీద మా ఇంట్లో అందరికీ అపారమైన నమ్మకం. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆ ఘాటు, చల్లదనం మోసుకెళ్ళేది ముఖంలో స్పర్శ తెలిపే వేరే నరమట. వాసన నరానికి దానితో సంబంధం లేదు.

తర్వాత కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. ముక్కు పైకప్పులో చిన్న పొర ఉంటుంది. వాసన పట్టే కణాలు అక్కడున్నాయి. వాటి తీగలు జల్లెడలాంటి ఎముక కన్నాల్లోంచి మెదడుకి వెళ్తాయి. కరోనా వైరస్ ముఖ్యంగా ఆ కణాలకి ఆసరాగా ఉండే కణాలను దెబ్బతీస్తుంది. కరోనాకి ముందునుంచే ఫ్లూ, మామూలు జలుబు వైరస్‌లు కూడా కొందరికి ఇలా చేస్తూనే ఉన్నాయి. మంచి విషయం ఏమిటంటే ఈ కణాలు మళ్ళీ పుడతాయి, చిన్న వయసులో ఆ అవకాశం ఇంకా మెరుగు. ఎప్పటికి వస్తుందని అడిగితే, "వారాలు కాదు, నెలలు లెక్కపెట్టు" అన్నారు. స్టెరాయిడ్ మాత్రలు ఇప్పుడు వద్దన్నారు. ఆ కొద్దిపాటి వాపు కోసం స్ప్రే, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం రాశారు. అసలు మందు మాత్రం నాలుగు సీసాలు.

జర్మనీలో డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ అనే డాక్టరు, ఆయన బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. నాలుగు వాసనలు, రోజుకి రెండు పూటలు, 12 వారాలు. వినగానే చిన్నపిల్లల ఆటలా అనిపించింది, ఆవిడతో అనలేదు.

నీలగిరి తైలం మందుల షాపులోనే దొరికింది. మిగతా మూడు నూనెలూ గాంధీ బజార్‌లో పూజా సామాను అమ్మే కొట్లో కొన్నాను. హోమియో మందుల గోధుమరంగు సీసాలు నాలుగు తీసుకుని, ఒక్కోదాంట్లో దూది ఉండ పెట్టి, నాలుగేసి చుక్కలు వేసి, పేర్లు రాసి అంటించాను. పొద్దున కాఫీకి ముందు, రాత్రి పడుకునే ముందు. సీసా ముక్కు దగ్గర పెట్టి ఇరవై సెకన్లు, గట్టిగా ఎగబీల్చకుండా కుందేలులా చిన్నచిన్నగా పీల్చాలి. అర నిమిషం ఆగి తర్వాతది. పీలుస్తున్నంతసేపూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. ఇదే కష్టం. రాని వాసనని ఎలా తలుచుకోవడం? నిమ్మ అంటే మా అమ్మ పులిహోరలోకి పిండేటప్పుడు వేళ్ళకి అంటుకున్న గింజలు గుర్తొచ్చేవి కానీ వాసన కాదు.

నోటుబుక్కులో గళ్ళు గీసి మార్కులు వేసేదాన్ని. సున్నా, సున్నా, సున్నా, సున్నా. ఆరు వారాలు అవే. మధ్యలో నాలుగు రోజులు మానేశాను కూడా. రూమ్మేటే రాత్రి పడుకునే ముందు సీసాలు తెచ్చి మంచం మీద పెట్టేది.

ఏడో వారంలో లవంగం సీసా మూత తీయగానే పళ్ళ డాక్టరు గది గుర్తొచ్చింది. ఆకుపచ్చ కర్టెను, ఆ వంగే కుర్చీ, ఎనిమిదో క్లాసులో పన్ను పీకించుకున్న రోజు. ఒక్క క్షణం. మళ్ళీ పీలిస్తే ఏమీ లేదు. తర్వాత తెలిసింది, లవంగంలో ఉండే యూజినాల్‌నే పళ్ళ డాక్టర్లు వాడతారు, ఆ గదుల వాసన అదేనని. పేరు తోచకముందే చోటు తోచింది. ఆరోజు నోటుబుక్కులో మార్కు వేయకుండా "కుర్చీ" అని రాసుకున్నాను.

సంబరం వారం కూడా లేదు. ఒక పొద్దున కాఫీ నోట్లో పోసుకుంటే కాలిన టైరు, కుళ్ళిన మాంసం కలిపినట్టు. కక్కుకున్నాను. వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, గుడ్డు, చివరికి టూత్‌పేస్టు కూడా ఒకటే కంపు. పోపు పెడితే బాల్కనీలోకి పరుగు. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఏ వాసనా లేని రోజులే నయమనిపించి ఏడుస్తూ డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, ఆవిడ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. దీన్ని పారోస్మియా అంటారట. కొత్తగా పుట్టిన తీగలు మెదడులో ఇంకా సరిగ్గా అతుక్కోలేదని ఒక వివరణ. చాలామందికి ఇది తిరిగొచ్చే దారిలోనే తగులుతుందట. సీసాలు మానొద్దు, వేడివేడిగా తినకు, చల్లార్చి తిను, ఆవిరి తక్కువైతే కంపూ తక్కువ అన్నారు. చల్లటి పెరుగన్నం, కీరదోసకాయ, మరమరాలు, అరటిపండు. నెలన్నర వాటి మీదే బతికాను. ఏ డాక్టరూ రాయని ఇంకో జాగ్రత్త మేమే తీసుకున్నాం: గ్యాస్ లీకైతే మోగే అలారం కొన్నాం. వంట గ్యాస్‌లో మెర్కాప్టాన్ అనే కంపు కలిపేది ముక్కులున్న వాళ్ళ కోసం కదా.

గులాబీ మాత్రం ఎన్నాళ్ళకీ రాలేదు. నిమ్మ సగం, నీలగిరి బాగానే, లవంగం పూర్తిగా వచ్చేసినా గులాబీకి సున్నాయే. మెదడులో గులాబీ గది శాశ్వతంగా మూసేశారని నిర్ధారణకొచ్చాను. ఒకరోజు రూమ్మేట్ ఊరికే ఆ సీసా తీసి వాసన చూసి, మళ్ళీ చూసి, "ఇందులో ఏముందే? ఉత్త దూది" అంది. నూనె ఎప్పుడో ఎగిరిపోయింది. ఎన్ని వారాలు ఖాళీ సీసాని పీల్చి నన్ను నేను ఫెయిల్ చేసుకున్నానో! ఇది చేసేవాళ్ళకి నేను చెప్పేదొకటే. రెండు మూడు నెలలకొకసారి నూనె మార్చండి, వాసన తెలిసే మనిషి చేత సీసా పరీక్ష చేయించండి.

ఇప్పుడు తొమ్మిదో నెల. రెండో విడతకి వాసనలు మార్చమంటే మల్లె, ఏలకులు, ఇంగువ, కమలాతొక్క పెట్టుకున్నాను. కాఫీ తాగగలుగుతున్నాను కానీ అది నాకు తెలిసిన కాఫీ కాదు, ఏదో దూరపు చుట్టంలా ఉంటుంది. వెల్లుల్లి ఇంకా పడదు.

పోయిన ఆదివారం వరండాలో మాడు వాసన వచ్చింది. స్పష్టంగా, పక్క ఫ్లాట్ నుంచే. పరిగెత్తి తలుపు బాదాను. ఆంటీ తలుపు తీసి, కంగారుగా ఉన్న నా మొహం చూసి, "ఏం మాడలేదమ్మా, పచ్చడికి వంకాయ కాలుస్తున్నా. లోపలికి రా" అన్నారు.