1060 నాకా, 580 నాకా?

ఎన్విడియా వాళ్ల జీటీఎక్స్ 1060 ఆరు జీబీది ఒకటి, ఏఎమ్‌డీ వాళ్ల ఆర్‌ఎక్స్ 580 ఎనిమిది జీబీది ఒకటి. ఎవరో వాడి పక్కన పెట్టేసిన ఈ రెండు గ్రాఫిక్స్ కార్డులూ దాదాపు ఒకేసారి మా చేతికొచ్చాయి. ఒకటి నా కంప్యూటర్‌కి, ఒకటి తమ్ముడి కంప్యూటర్‌కి. ఏది ఎవరికన్నదే గొడవ. వాడు మాత్రం బాక్సు మీద అంకె చూడగానే తేల్చేశాడు: "అన్నా, ఎనిమిది జీబీది నాకు."

కాగితం మీద చూస్తే వాడి ఆత్రంలో తప్పేం లేదు. 1060 వచ్చింది 2016 జులైలో, 580 వచ్చింది 2017 ఏప్రిల్‌లో. ఎన్విడియా కార్డులో లెక్కలు చేసే కోర్లు 1280, ఏఎమ్‌డీ కార్డులో 2304. మెమరీ రెండింట్లోనూ జీడీడీఆర్5 రకమే, వేగమూ ఒకటే. కానీ మెమరీకీ చిప్‌కీ మధ్య దారి, అంటే బస్, 1060కి 192 బిట్లు, 580కి 256. అందుకే మెమరీలోంచి డేటా పారే వేగం (బ్యాండ్‌విడ్త్) సెకనుకి 192 జీబీ దగ్గర ఒకటి ఆగితే, ఇంకోటి 256కి వెళ్తుంది. కోర్ల సంఖ్యని రెండుతో, బూస్ట్ క్లాక్‌తో (చిప్ అందుకునే పై వేగం) గుణిస్తే టెరాఫ్లాప్స్, అంటే సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలో వస్తుంది. 1708 మెగాహెర్ట్జ్ దగ్గర 1060కి సుమారు 4.4, 1340 దగ్గర 580కి సుమారు 6.2. అంటే నలభై శాతం ఎక్కువ. ఇక పోల్చడానికి ఏముంది అనిపిస్తుంది.

కానీ గేమ్‌లో ఆ నలభై శాతం కనిపించదు. రెండు కంపెనీల చిప్‌లు వేరువేరుగా కట్టినవి కాబట్టి ఒకదాని కోర్‌ని ఇంకోదాని కోర్‌తో లెక్కకి లెక్క సరిచూడలేం. పైగా చల్లగా ఉంటే 1060 తన పేరున రాసున్న 1708ని దాటి, మనం క్లాక్ ఏమీ పెంచకుండానే 1800 పైన తిరుగుతుంది. పిక్సెళ్లని చివరికి మెమరీలోకి రాసే ఆర్‌ఓపీలు దాన్లో 48, 580లో 32 మాత్రమే. స్పెక్ పట్టికలో ఈ వరస ఎవరూ చూడరు. నేనూ చాలాకాలం చూడలేదు లెండి.

పరీక్షకి ముందు కార్డులు అసలైనవేనా అని చూడటం తప్పదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరిచి, కోర్ల సంఖ్య ఉండే "షేడర్స్" అన్న గడి చూశాను. 580కి అక్కడ 2304 ఉండాలి. 2048 అని ఉంటే అది 2018లో చైనా మార్కెట్‌కి వచ్చిన రకం, పేరు 580 అయినా లోపలున్నవి ఆర్‌ఎక్స్ 570 కోర్లు. 1060లోనూ ఇలాంటి తిరకాసే ఉంది. మూడు జీబీ రకంలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా 1152కి తగ్గాయి. మా రెండూ సరైనవే. తర్వాత క్లాకులు, బయోస్ (కార్డు లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్) వెర్షన్ కూడా చూశాను. క్రిప్టో మైనింగ్‌లో నలిగిన 580లకి బయోస్ మార్చి ఉండటం మామూలే.

మా 580 మైనింగ్‌లో నలిగిందో లేదో గానీ, లోపల చిప్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మాత్రం సున్నంలా ఎండిపోయింది. లోడ్ పెట్టగానే ఫ్యాన్లు రొద మొదలెట్టి, వేడెక్కిన చిప్ క్లాక్ తగ్గించుకోవడం మొదలుపెట్టింది. ఆ స్థితిలో పోలిస్తే 580కి అన్యాయం. పాత పేస్ట్ తుడిచి కొత్తది రాశాక రొద తగ్గింది, క్లాక్ నిలబడింది. పాత కార్డుల పోలికలు చూసేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. కొత్తగా ఉన్నప్పుడు తీసిన ఎఫ్‌పీఎస్‌లు (సెకనుకి ఎన్ని ఫ్రేములో), ఏళ్ల తరబడి దుమ్ము తిన్న కార్డుకి వర్తించవు.

కార్డు మార్చిన ప్రతిసారీ డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ని పూర్తిగా తుడిచి, కొత్తది ఎక్కించి, అవే సెట్టింగులు, అవే సీన్లు. సగటు ఎఫ్‌పీఎస్ కన్నా కార్డుని గమనించే ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) గీతని ఎక్కువ నమ్ముతాను. సగటు బాగున్నా గీత ఎగుడుదిగుడుగా ఉంటే ఆట తడబడుతూనే ఉంటుంది.

నా పాత నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద జీటీఏ ఫైవ్ లాంటి డైరెక్ట్‌ఎక్స్ 11 (గేమ్ కార్డుతో మాట్లాడే పాత పద్ధతి) గేముల్లో 1060దే పైచేయి. ఆ కాలం ఏఎమ్‌డీ డ్రైవర్ డైరెక్ట్‌ఎక్స్ 11లో ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. ప్రాసెసర్ నీరసంగా ఉంటే కార్డు ఖాళీగా కూర్చుంటుంది. డూమ్ గేమ్‌ని వల్కన్ అనే కొత్త పద్ధతిలో నడిపితే కథ తిరగబడింది, 580 ముందుకెళ్లిపోయింది. టెక్స్చర్లు హైలో పెట్టిన కొత్త గేముల్లో ఆరు జీబీ నిండిపోయి 1060 గీత ముళ్లకంపలా లేస్తే, 580 నిమ్మళంగా నడిచింది.

"చూశావా, ఎనిమిది జీబీ!" అన్నాడు తమ్ముడు. వాడిది ఆరు కోర్ల కొత్త ప్రాసెసర్, కాబట్టి ఆ డ్రైవర్ భారం వాడికి పెద్దగా తగలదు కూడా.

కరెంటు సంగతి చూస్తే 1060కి 120 వాట్లు, 580కి 185. కొలిచేటప్పుడు ఒక మెలిక ఉంది. జీపీయూ-జెడ్‌లో ఎన్విడియాకి కనిపించేది మొత్తం బోర్డు వాడకం, ఈ తరం ఏఎమ్‌డీ కార్డులకి కనిపించేది చిప్ వాడకం మాత్రమే. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి "పెద్ద తేడా లేదే" అనే వాళ్లని చాలామందిని చూశాను. నా పవర్ సప్లైకి ఉన్నది ఒకే ఒక్క ఆరు పిన్నుల వైరు. 1060కి అది చాలు, 580కి ఎనిమిది పిన్నులు కావాలి.

అయినా నాకూ 580 మీద మనసు లాగింది, 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో పెద్ద సీన్లకి మెమరీ ఎంతున్నా చాలదు. కానీ 2021 డిసెంబర్‌లో వచ్చిన బ్లెండర్ 3.0 నుంచి దాని రెండరింగ్ ఇంజన్ సైకిల్స్‌లో, ఏఎమ్‌డీ కార్డులు వాడుకునే ఓపెన్‌సీఎల్ తీసేశారు. దాని బదులు ఏఎమ్‌డీ కార్డులకి తెచ్చిన హిప్, 580 లాంటి పొలారిస్ తరం చిప్‌లకి అందదు. అంటే 2.93 దగ్గరే ఆగిపోవాలి, లేదంటే రెండరింగ్ మొత్తం ప్రాసెసర్ మీద తోసెయ్యాలి. 1060 అయితే ఎన్విడియా సొంత పద్ధతి క్యూడాతో హాయిగా రెండర్ చేస్తుంది. స్పెక్ పట్టికలో ఎక్కడా కనపడని ఈ ఒక్క వరసే నా వరకు తేల్చేసింది.

డ్రైవర్ల విషయంలో ఇద్దరిదీ ఒకే అవస్థ. ఏఎమ్‌డీ 2023 చివర్లోనే పొలారిస్‌ని వేరే డ్రైవర్ దారికి మళ్లించి అప్‌డేట్లు తగ్గించింది. ఎన్విడియా పాస్కల్ (1060 తరం) కార్డులకి మామూలు గేమ్ డ్రైవర్లని 2025 అక్టోబర్‌తో ఆపి, ఆ తర్వాత మూడేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే అంది. పాస్కల్‌కి ఆఖరుగా మిగిలిన ఆ డ్రైవర్ శాఖ నంబరు కూడా 580యే, తమ్ముడు దీనికి పడీ పడీ నవ్వాడు.

580 వాడి కంప్యూటర్లోకి వెళ్లింది. దాని వోల్టేజ్ కొంచెం తగ్గించి పెట్టాను, వేడి ఇంకా దిగింది, ఎఫ్‌పీఎస్ కదల్లేదు. నా 1060లో ఆరు జీబీ నిండే సీన్లు వచ్చినప్పుడు టెక్స్చర్లని సగానికి దించి నెట్టుకొస్తున్నాను.