ఆత్మ ఎక్కిన వెలుగు రథం

పైథాగరస్ పేరు మీద ‘స్వర్ణ పద్యాలు’ అని ఒక చిన్న గ్రీకు రచన ఉంది. మొత్తం 71 పాదాలు. ఆయన స్వయంగా రాసినవి కావని పండితులు అంటారు గానీ, ఆ సంప్రదాయం వాళ్ళు వీటిని నిత్యం చదువుకున్నారు. చివరి పాదాల భావం ఇది: ఉత్తమమైన వివేకాన్ని సారథిగా పైన నిలుపుకో, దేహాన్ని విడిచి స్వేచ్ఛగా ఆకాశాన్ని చేరినప్పుడు నువ్వు అమరుడివి, ఇక మర్త్యుడివి కావు.

సారథి అనగానే మనకు కఠోపనిషత్తు మెదులుతుంది. “ఆత్మానం రథినం విద్ధి శరీరం రథమేవ తు, బుద్ధిం తు సారథిం విద్ధి.” అక్కడ రథం ఈ శరీరమే. మరి గ్రీకు పద్యంలో దేహాన్ని వదిలేశాక కూడా సారథి అవసరమేమిటి? అప్పటికింకా ఏ రథం మిగిలి ఉంటుంది?

దీనికి జవాబు గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ‘టిమేయస్’ అనే గ్రంథంలో మొదలవుతుంది. సృష్టికర్త ఎన్ని నక్షత్రాలో అన్ని ఆత్మలను చేసి, ఒక్కో ఆత్మను ఒక్కో నక్షత్రం మీద, రథం ఎక్కించినట్టు కూర్చోబెట్టి, విశ్వం తీరు చూపించాడట. బీజంలోని ప్రాణవాయువు నక్షత్రాల మూలద్రవ్యానికి సాటి వచ్చేదని అరిస్టాటిల్ అన్నాడు. తర్వాతివాళ్ళు ఈ రెండు మాటలనూ కలిపారు. ఆకారం లేని ఆత్మకూ మట్టి శరీరానికీ నడుమ వెలుగులాంటి ఒక సూక్ష్మదేహం ఉంటుందని, ఆత్మకు అదే వాహనమని చెప్పారు. ఏథెన్స్‌లో బోధించిన ప్రోక్లస్ (412–485) దీన్ని ఇంకా వివరించాడు. ఆత్మ కిందికి దిగుతూ ఒకదానిపై ఒకటి మరింత మందమైన తొడుగులు వేసుకుంటుంది, పైకి వెళ్తూ వాటిని విడుస్తుంది. కోరికలు, ఊహలు ఉండే తొడుగు చావుతో పోదు. ఆత్మ పూర్తిగా శుద్ధి పొందాకే రాలిపోతుంది. అన్నిటికన్నా లోపలి వెలుగు దేహానికి మాత్రం నాశనం లేదు.

నన్ను బాగా పట్టుకున్నవాడు హీరోక్లెస్ అనే తత్వవేత్త. 5వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో బోధిస్తూ ఈ పద్యాలకు వ్యాఖ్యానం రాశాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో ఆయన్ను న్యాయస్థానానికి ఈడ్చి కొరడాలతో కొట్టించారు. కారుతున్న తన నెత్తురును దోసిట పట్టి న్యాయాధికారి మీద చల్లి, “సైక్లోప్స్, నరమాంసం తిన్నావుగా, ఇదిగో మద్యం తాగు” అని, మనుషుల్ని తినే ఒంటికన్ను రాక్షసుడితో అన్నట్టుగా ఉన్న హోమర్ కావ్యపాదం చదివాడని చెబుతారు. ఆ తర్వాత ప్రవాసం. అక్కడి నుంచి అలెగ్జాండ్రియాకు తిరిగివచ్చి మళ్ళీ పాఠాలు చెప్పాడు. దేహం కన్నా లోపల ఇంకేదో ఉందని ఈ మనిషి పుస్తకాల వరకే నమ్మలేదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆయన చెప్పేది ఇది. బుద్ధిని శాస్త్రాలు, సత్యవిచారణ శుద్ధి చేస్తాయి. కానీ వెలుగు దేహానికి అవి చాలవు, దాన్ని పవిత్ర కర్మలే కడగాలి. అలాగని విచారణ లేకుండా కర్మ ఒక్కటే చేస్తే దానికి ఆ బలం ఉండదు. “జ్ఞానం ఉంటే చాలదా, ఈ పూజలూ మడీ ఎందుకు?” అని మన ఇళ్ళల్లో పిల్లలు అడిగే ప్రశ్నకు ఇంత సూటి జవాబు నేను వేరేచోట చూడలేదు. పద్యాల్లోని ఆహార నియమాన్ని కూడా ఆయన ఈ శుద్ధికే ముడిపెట్టాడు. ఛాందోగ్యం “ఆహారశుద్ధౌ సత్త్వశుద్ధిః” అన్నది కూడా ఈ దారిలోనే.

రాత్రి పడుకునే ముందు చేయాల్సిన పని కూడా ఆ పద్యాల్లోనే ఉంది. ఆ రోజు చేసిన ప్రతి పనినీ మూడుసార్లు తలచుకోకుండా కంటి మీదికి నిద్ర రానివ్వకు అంటాయి. ఎక్కడ తప్పాను? ఏం చేశాను? చేయాల్సింది ఏది వదిలేశాను? తప్పు కనిపిస్తే బాధపడు, మంచి కనిపిస్తే సంతోషించు. ఇంతే. దీనికి ఖర్చు లేదు, టైమ్ లేదనడానికీ వీల్లేదు.

గీత 15వ అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గాలి పూల నుంచి వాసనలను తీసుకుపోయినట్టు, జీవుడు శరీరం విడిచేటప్పుడు మనసునూ ఇంద్రియాలనూ వెంట తీసుకుపోతాడు. ఆ మనసు మీద పట్టినదంతా కూడా వెంటే వస్తుంది. రాత్రిపూట ఆ మూడు ప్రశ్నలు ఎందుకో ఈ శ్లోకం చదివాక నాకు బాగా అర్థమైంది.

అయితే చివరికి ఆ వాహనం ఏమవుతుంది? ఇక్కడ గ్రీకుల్లోనే పేచీ ఉంది. గ్రహమండలాల గుండా దిగుతూ పోగుచేసుకున్నదంతా తిరిగి వాటిలోనే కలిసిపోతుందని ప్లేటో బాటలోని తత్వవేత్త పోర్ఫిరీ అన్నాడు. జ్ఞాని దేహం పడిపోగానే సూక్ష్మశరీరం కూడా లయమవుతుందనే అద్వైతానికి ఇది దగ్గర. అదే బాటలోని ఇయాంబ్లికస్ ఒప్పుకోలేదు. వాహనం శాశ్వతమన్నాడు. ఆకాశంలోని దేవతలకు దేహాలున్నా అవి వారికి అడ్డు కావని కూడా ఆయనే రాశాడు. నేను పుట్టింది అద్వైతాన్ని పాటించే స్మార్త కుటుంబంలోనే అయినా, ఇక్కడ నా మనసు ఇయాంబ్లికస్ వైపే మొగ్గుతుంది. దేహం ఉన్నంత మాత్రాన బంధం కాదనే కదా రామానుజుల వారి దారిలోని వారూ చెప్పేది! ముక్తుడు శుద్ధసత్త్వమయమైన అప్రాకృత దేహంతో, అంటే ఈ ప్రకృతికి చెందని దేహంతో, వైకుంఠం చేరతాడు. ఆ దేహంతోనే స్వామికి కైంకర్యం చేస్తాడు.