కవర్ ఎంచుకునేది ఎవరు?

ఎడిటర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుని పాత ఫోటోషూట్ల కబుర్లు చెబుతుంటే, సగం నుంచీ నా ధ్యాసంతా వాళ్ల ముఖాల మీదే. దాదాపు అందరూ తెల్లవాళ్లే!

అమెరికన్ వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక ఎడిటర్ల మీద డాక్యుమెంటరీ అది. బాగుందా అంటే బాగుంది, ఒక్క ఫోటో కోసం వాళ్లు పడే తపన చూస్తే ముచ్చటేస్తుంది కూడా. కానీ 1892లో మొదలైన పత్రిక కవర్ మీదకి మొదటిసారి ఒక నల్లజాతి మహిళ, మోడల్ బెవర్లీ జాన్సన్, వచ్చింది 1974 ఆగస్టులో. ఇక ఆ పత్రిక కవర్ ఫోటో తీసే అవకాశం ఒక నల్లజాతి ఫోటోగ్రాఫర్‌కి దక్కడానికి ఇంకో 44 ఏళ్లు పట్టింది... 2018 సెప్టెంబర్ సంచిక, బియాన్సే ఫోటో, తీసింది టైలర్ మిచెల్ అనే 23 ఏళ్ల కుర్రాడు.

ముందు ముఖం మారింది, కెమెరా పట్టిన చెయ్యి మారడానికి అంత కాలం పట్టింది. ఎవరి ఫోటో వెయ్యాలో తేల్చే కుర్చీల సంగతి చెప్పక్కర్లేదు.

వోగ్‌లో పెద్ద హోదాలో పనిచేసిన నల్లజాతి ఎడిటర్ ఆండ్రే లియోన్ టాలీ ఉండేవాడుగా అంటారు. ఉండేవాడు, మహానుభావుడు. అడిగిన ప్రతిసారీ ఆ ఒక్క పేరే చెప్పాల్సి వస్తోంది, అదే కదా గొడవ!

2020లో అప్పటి వోగ్ ఎడిటర్-ఇన్-చీఫ్ అన్నా వింటూరే స్టాఫ్‌కి రాసింది, నల్లజాతి ఎడిటర్లకీ ఫోటోగ్రాఫర్లకీ తగినంత చోటివ్వలేదని. ఆ తర్వాతి ఏళ్ల మీద ఎవరైనా డాక్యుమెంటరీ తీస్తే మొదటి రోజే చూస్తా, మీటింగ్ రూమ్‌లో ఎవరెవరున్నారో తెలుసుకోవాలి.