వాతావరణ మార్పును కంటికి చూపించడం

వాతావరణ మార్పు గురించి చెప్పబోయే ఎవరికైనా ఎదురయ్యే మొదటి ఇబ్బంది, అది కంటికి ఆనకపోవడమే. ఎండ ఒంటికి తగులుతుంది, వాన కనిపిస్తుంది, కానీ కొన్ని దశాబ్దాల సగటు మెల్లగా పైకి జరగడాన్ని ఏ ఒక్క రోజూ ఎవరూ చూడలేరు. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద 1958లో కొలతలు మొదలైనప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు సుమారు 315 భాగాలు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. గ్రాఫిక్ డిజైన్ వృత్తిలో ఉన్న నన్ను ఈ విషయం ఇంతగా పట్టుకోవడానికి కారణం ఇదే: ఎన్నో ఏళ్ల కాలాన్ని ఒక్క చూపులో ఇమిడ్చే శక్తి బొమ్మకు ఉంది.

బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో రూపొందించిన ‘వార్మింగ్ స్ట్రైప్స్’ అనే రంగు చారలు ఇందుకు మంచి ఉదాహరణ. ఒక్కో నిలువు చార ఒక్కో సంవత్సరం. సగటు కంటే చల్లగా గడిచిన ఏడాదికి నీలం, వేడిగా గడిచిన ఏడాదికి ఎరుపు, తేడా పెరిగేకొద్దీ రంగు చిక్కబడుతుంది. అంకెలు లేవు, అక్షాలు లేవు, వివరణ లేదు. అయినా చూపు ఎడమ నుంచి కుడికి సాగేలోపే, గ్రాఫ్ చదవడం రాని మనిషికి సైతం విషయం అందుతుంది. అందులో ఉంచినదాని కంటే తీసివేసినదాన్ని చూసి నేను ఎక్కువగా గౌరవిస్తాను. తన దగ్గరున్న సమాచారమంతా చూపించాలనే తపనను అణచుకోవడం శాస్త్రవేత్తకు ఎంత కష్టమో, డిజైనర్‌కూ అంతే కష్టం. రంగుల ఎంపికలోనూ ఆలోచన ఉంది. ఎరుపు, ఆకుపచ్చలను వేరుగా గుర్తించలేనివారు కూడా నీలానికీ ఎరుపుకీ మధ్య తేడాను సాధారణంగా పోల్చుకోగలరు. హరివిల్లు రంగులన్నీ వాడే మ్యాపుల్లోనైతే, సమాచారంలో లేని సరిహద్దులు పసుపు దగ్గరో నీలం దగ్గరో ఉన్నట్టు కంటికి తోస్తాయి.

రంగు కంటే క్లిష్టమైనది కొలమానం. 1850–1900 నాటితో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూ ఉపరితల సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. నిలువు అక్షాన్ని సున్నా నుంచి యాభై డిగ్రీల వరకు గీస్తే ఈ పెరుగుదల దాదాపు చదునైన గీతగా కనిపిస్తుంది. ఒకటిన్నర డిగ్రీల మేరకే గీస్తే నిట్టనిలువు కొండ అవుతుంది. రెండు గ్రాఫుల్లోనూ అంకెలు నిజమే. ఎంత తేడా వస్తే భూమి మీద ఏం మారుతుందో దాన్నిబట్టి కొలమానాన్ని నిర్ణయించాలని నా అభిప్రాయం. గత మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలంలో, అంటే సుమారు ఇరవై వేల ఏళ్ల క్రితం, భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 5 నుంచి 7 డిగ్రీలే తక్కువ. ఆ కాస్త తేడాకే ఉత్తర అమెరికాలో, ఐరోపాలో విశాల భూభాగాలు మంచు పలకల కింద ఉండేవి. ఈ సంగతిని గ్రాఫ్ పక్కనే జతచేసి చూపించినప్పుడే ఒక డిగ్రీ ఎంత పెద్దదో పాఠకుడికి తెలుస్తుంది.

చిత్రకళ ఇదే పనిని మరో దారిలో చేస్తుంది. అమెరికన్ చిత్రకారిణి జిల్ పెల్టో హిమానీనదాల కొలతల గ్రాఫ్‌ను తీసుకుని, కిందికి జారే ఆ గీతనే మంచుకొండ అంచుగా నీటి రంగులతో చిత్రించారు. ముందు కొండ కనిపిస్తుంది, తర్వాత అది సమాచారమని తెలుస్తుంది. 2015 డిసెంబరులో పారిస్‌లో వాతావరణ సదస్సు జరుగుతున్నప్పుడు కళాకారుడు ఒలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి గ్రీన్‌లాండ్ సముద్రపు పాయలో తేలుతున్న 12 మంచు దిమ్మలను తెప్పించి, నగర కూడలిలో గడియారపు అంకెల్లా వలయంగా పేర్చారు. దారిన పోయేవారు వాటిని తాకారు. దిమ్మల రవాణా వల్లే కర్బన ఉద్గారాలు వెలువడ్డాయన్న విమర్శ సహేతుకమైనదే. అయితే నిర్వాహకులు ఆ లెక్కను కూడా వెల్లడించారు, అలా వెల్లడించడం నాకు నచ్చింది.

పోస్టర్ల విషయంలో నా ఆందోళన వేరు. మండుతున్న భూగోళం, మంచు ముక్క మీద ఒంటరిగా నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటి వంటి బొమ్మలు సులువుగా గుర్తుకొస్తాయి, కానీ ఆ రెండూ చూసేవారి చేతికి ఏమీ ఇవ్వవు. భయం కలిగించే దృశ్యాలు దృష్టిని ఆకట్టుకున్నా, తమవల్ల ఏమీ కాదనే భావనను మిగిల్చి మనుషులను దూరం చేస్తాయని 2009లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అలాగని ప్రమాదాన్ని తగ్గించి చూపమని కాదు. ప్రమాదం కనిపించే బొమ్మలోనే దాన్ని ఎదుర్కొంటున్న మనుషులు కూడా కనిపించాలి: పైకప్పు మీద సౌర ఫలకాలు బిగిస్తున్నవారు, తీరంలో మడ మొక్కలు నాటుతున్నవారు, వేడిగాలుల రోజున పక్కింటి వృద్ధులను పలకరిస్తున్నవారు. ఇవి అందమైన ఊహలు కావు, ఇప్పుడు జరుగుతున్న పనులు.

నేను గీసే ప్రతి పోస్టర్ అడుగున సమాచారం ఏ సంవత్సరాలదో, ఎవరు కొలిచారో చదవగలిగే అక్షరాల్లో రాస్తాను. అనుమానం వచ్చినవారు సరిచూసుకునే వీలుండాలి. అచ్చుకు పంపేముందు, గ్రాఫులతో పరిచయం లేని ఒకరికి చూపించి, అందులో ఏముందో వారి మాటల్లోనే చెప్పమని అడుగుతాను. వారు చెప్పింది కొలతలకు భిన్నంగా ఉంటే, బొమ్మ ఎంత బాగా కుదిరినా దాన్ని మళ్లీ గీస్తాను.